రాయి కాడ శోకం

సింహం లేవలేదు.

కిటికీలకు కడ్డీలు బిగించిన బస్సు దాని ముందరే ఆగింది. బస్సు డ్రైవరు రెండుతూర్లు ఇంజను గుర్రుమనిపించినాడు. ఊహూఁ. పెళ్లి భోజనం చేసిన పెద్దమనిషి మాదిరి అది చెట్టు నీడన నాలుగు కాళ్లూ చాపి నిద్రపోతానే ఉండింది. తిరపతి జూలో సఫారీ అంటే అంతే మరి. సింహానికి బుద్ధి పుడితే లేస్తాది, లేకపోతే మనమే లేచి రావాల.

"దీనికోసమా ఇంత ఎండలో తిప్పింది?" అనింది గీతాంజలి, నల్ల కళ్లద్దాలు నెత్తి మీదికి తోసుకుంటా.

గీతాంజలి, ఆమె మొగుడు సురేంద్ర హైదరాబాదు నుంచి వచ్చిన గెస్టులు. మూడు దినాలకు వాళ్లిద్దరికే ఒక కారు, ఒక డ్రైవరు, ఒక గైడు. కాళాస్తి, తిరపతి, చంద్రగిరి, కాణిపాకం, చిత్తూరు, ఆఖరున పలమనేరు అవతల అడివి అంచున ఏనుగుల సఫారీ. డ్రైవరు గోపి. గైడు పంకజాక్షి.

గైడుగా పంకజాక్షికి ఇదే మొదటి టూరు. ఈ మూడు దినాలూ వాళ్లు మెచ్చుకుంటే ట్రావెల్స్ ఓనరు యోగానంద ఆమెను తిరపతిలోనే పెట్టుకుంటానన్నాడు. ఆడోళ్ల హాస్టల్లో ఒక మంచం, చంద్రగిరి కోటలో గైడు పని. మెచ్చుకోకపోతే మళ్లా నక్కలకుంటపల్లెకు, ఆ రాయి కాడికి.

"సింహానిదేముంది మేడం, తిని పడుకునేది. ఎల్లుండి చూడండి అసలు సఫారీ" అనింది పంకజాక్షి, నవ్వు మొహానికి అతికించుకోని. "మా అడివిలో కడ్డీలు ఉండవు. ఆడ మనమూ బయటే, ఏనుగులూ బయటే."

సురేంద్ర పకపకా నవ్వినాడు. గీతాంజలి కూడా కొంచెం నవ్వింది. హమ్మయ్య అనుకునింది పంకజాక్షి.

ఆ రాయి సంగతి ఇప్పుడే చెప్పేస్తే మేలు. నక్కలకుంటపల్లె అడివిని ఆనుకుని ఉండే ఊరు. యోగానంద టూర్లన్నీ మూడో దినం మాపటేళకు ఆ ఊరికి చేరతాయి. జీపులో అడివి అంచు వెంబడి తిప్పి ఏనుగుల్ని చూపిస్తామంటారు. ఏనుగులేమన్నా యోగానంద జీతగాళ్లా, పిలిస్తే పలికేదానికి? పదితూర్లు పోతే ఎనిమిదితూర్లు పేడా, విరిగిన మామిడి కొమ్మలే కనబడతాయి. గెస్టుల్ని ఒట్టి చేతులతో పంపితే పేరు పోతాది గదా. అందుకని రెండేండ్ల ముందు ఆ ఊర్లో ధనశేఖర్ అనే రైతును ఏనుగు తొక్కి చంపితే, ఆయప్ప పెండ్లాన్ని యోగానంద పనికి పెట్టుకున్నాడు. ఆ పెండ్లామే పంకజాక్షి. ధనశేఖర్ పడింది లోపల టమోటా తోటలో. ఆడికి నడిస్తే గెస్టుల బూట్లకు బురద అంటుతాది. అందుకని రోడ్డు పక్కనే ఒక రాయి పాతి పసుపు పూసి, "ఈడే" అని చెప్పమన్నాడు. ఆమె ఆ రాయి కాడ నిలబడి మొగుడు ఎట్లా చచ్చిపోయిందీ చెప్పేది. వాళ్లు ఫోన్లలో పట్టుకునేది.

మొదట్లో ఏడుపు దానంతట అదే వచ్చేది. పోను పోను ఎండిపోయింది. ఎంతని ఏడుస్తాది మనిషి, వారం వారం, వచ్చినోళ్లకల్లా? పోయిన నెల ఎవరో "పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది" అని నెట్లో రాసి పెట్టినారు. యోగానంద ఆమెను పిలిపించినాడు.

"తప్పు నీది కాదులే పంకజాక్షీ. నీ దుఃఖం అరిగిపోయింది" అన్నాడు, టైరు అరిగిపోయిందని చెప్పినంత మామూలుగా. "మీ అత్త ఉండాది గదా, సిద్ధమ్మ. కన్నకడుపు. ఆమె నోరు తెరిస్తే సాలు. ఆమెను రాయి కాడ నిలబెట్టు, నువ్వు తిరపతికి వచ్చెయ్."

పంకజాక్షి ఆ మాటకు అప్పుడే ఊఁ కొట్టింది. రెండో ఆలోచన లేదు.

రెండో దినం అంతా బాగా జరిగింది. చంద్రగిరిలో రాజమహలు మెట్లెక్కతా ఆమె రాజుల్ని గురించి చెప్తా ఉంటే సురేంద్ర నిలబడి విన్నాడు. చెప్పేదాంట్లో సగం నిన్న రాత్రి చదువుకున్నది, సగం అప్పటికప్పుడు పుట్టింది. నుదుట ఎర్ర బొట్టు పెట్టుకుని ఉండింది. ఊర్లో అయితే పెట్టుకునేది కాదు. ఎవరి చావునూ మొయ్యకుండా, ఎవరివో పాత చావులు చెప్పుకుంటా పోవడం ఎంత హాయిగా ఉండాదని ఆమెకే ఆశ్చర్యమేసింది. కోట గోడ మీద నిలబడి గాలికి కొంగు సర్దుకుంటా, 'ఇదే నా పని, నేను ఈడే ఉంటా' అనుకునింది. మొక్కుకునింది కూడా.

కాణిపాకంలో దర్శనం చేయించి, చిత్తూరులో లాడ్జి కాడ దించేసరికి పొద్దు ఇంకా ఉండాది. గెస్టులు వాళ్ల రూములోకి పోయినారు. పంకజాక్షికి కింద ఒక చిన్న రూము ఇచ్చినారు. మంచం, ఫ్యాను, లోపలికి గడి. ఆమె పుట్టి బుద్ధెరిగినాక తనొక్కతే ఒక గదిలో గడి పెట్టుకుని కూచున్నది అదే మొదలు. చానాసేపు ఆ ఫ్యాను కింద ఊరికే కూచునింది. తర్వాత అత్తకు ఫోన్ చేసింది.

"తిన్నావా అత్తా?"

"ఆఁ, తిన్నాలే."

"రేపు మాపటేళకు రాయి కాడికి రావాల. గుర్తుండాది గదా?"

"నాకు మాట్లాడేది రాదు మే. టవునోళ్ల ముందర నాలుక ఎండకపోతాది."

"మాట్లాడొద్దులే అత్తా. శోకం తీ, సాలు."

అవతల కోడిపెట్ట ఏదో కొక్కొక్కో అని అరస్తా ఉండేది వినబడింది.

"దినాలైపోయి రెండేండ్లాయె. ఇప్పుడు శోకం తీస్తే ఊరోళ్లు నవ్వరా?"

"నవ్వేటోళ్లు నీకు సంగటి పెడతారా? తీ అత్తా, నా తల్లివి గదా."

"మరి నువ్వో?"

"నేను తిరపతిలో ఉంటా. వారానికి ఒకతూరి వొస్తా గదా, నీకేం తక్కువ చెయ్యను."

"సరేలే" అనింది సిద్ధమ్మ. ఫోన్ పెట్టేసింది.

పని అయిపోయిందని పంకజాక్షి ఒళ్లు విరుచుకునింది. ఆ పక్క పల్లెల్లో శోకం తీయడమంటే ఒట్టి ఏడుపు కాదు. పీనుగ కాడ కూచుని రాగమెత్తిన ఆడది ఏమైనా అనొచ్చు. చచ్చినోణ్ణే తిట్టొచ్చు, ఆస్తి మింగిన మరిదిని పేరు పెట్టి పిలవచ్చు, ఆడబిడ్డ గుట్టు వీధిలో పెట్టొచ్చు. ఎవరూ అడ్డం పలకకూడదు. పలికితే చచ్చినోడికి అవమానం. ఎంత మొనగాడైనా తల దించుకుని వినాల్సిందే. ఇది పంకజాక్షికి తెలవనిది కాదు, ఆమె ఎన్ని శోకాలు వినలేదు! కానీ ఆ పొద్దు ఫ్యాను కింద, గడి పెట్టిన రూములో, ఆమెకు ఆ సంగతి మనసుకే తట్టలేదు.

మూడో దినం బంగారుపాళ్యం దాటేటప్పటికి రోడ్డు పక్కనంతా మామిడికాయల ట్రాక్టర్లు, ఫ్యాక్టరీల ముందర బారులు తీరి ఉండాయి. గీతాంజలి దిగి తోతాపురి కాయ ఒకటి కోయించుకుని ఉప్పుకారంతో తినింది. మంచి హుషారు మీద ఉండింది. "పంకజా, నువ్వు చాలా బాగా చెప్తావు. మా ఫ్రెండ్స్ అందరికీ నీ పేరే చెప్తాను" అనింది. పంకజాక్షికి కళ్లు చెమ్మగిల్లినాయి. గోపి అద్దంలోంచి చూసి కన్ను గీటినాడు. "అక్కకు ఇంగ తిరపతి ఖాయం" అన్నట్టు.

నక్కలకుంటపల్లెలో కారు దిగి జీపెక్కినారు. గోపియే తోలినాడు. అడివి అంచు వెంబడి, కంచె పక్కన, నిమ్మళంగా పోతా ఉంటే పంకజాక్షి గొంతు తగ్గించి చెప్పింది.

"ఈడ ఏనుగు అనకూడదు మేడం. పొద్దు వాలినాక పేరు పెడితే వొస్తాదని భయం. సామి అనాల."

"మేము రమ్మనేదానికే కదా వచ్చింది? ఏనుగూ, ఏనుగూ!" అని అరిచి నవ్వినాడు సురేంద్ర.

అయినా రాలేదు. ఒక తోపులో కొమ్మలు విరిచేసి, కాయలు నేల రాల్చేసి ఉండాయి. పేడ ఇంకా పచ్చిగానే ఉండాది. తోపు గెనుం గట్టు మీద ఒక ముసలాయన టపాకాయల సంచి ఒళ్లో పెట్టుకుని కూచునుండాడు, రాత్రి కాపలాకు. గీతాంజలి ఆయన్ను ఫొటో తీసుకునింది. ఇంకో అరగంట తిరిగినారు. ఆమె మొహం మళ్లా జూలో మాదిరి అయిపోయింది.

"అక్కడ పడుకున్న సింహం. ఇక్కడ పేడ. దీనికేనా మూడు రోజులు?"

"ఒక్క నిమిషం మేడం" అనింది పంకజాక్షి. "ఇంగొకటి చూసేది ఉండాది."

రాయి కాడ సిద్ధమ్మ అప్పటికే వచ్చి కూచునుండాది. ఉతికిన చీర, ముడేసిన తెల్లజుట్టు, చేతులు ఒళ్లో. కన్నకొడుకు చావుకు పాతిన ఆ రాయిని ఆ ముసలామె అంతవరకూ దగ్గరికి పోయి చూసింది కూడా లేదు. పడింది ఈడ కాదు గదా. జీపు ఆగేసరికి తలెత్తి కోడలి మొహం చూసింది. నుదుట బొట్టు చూసింది.

పంకజాక్షి నిన్నటి నుంచి ఒక మాట తయారు చేసి పెట్టుకోని ఉండింది. తను ఆ చచ్చినాయన పెండ్లామని గెస్టులకు తెలిస్తే గైడు పని పోయి మళ్లా ముండమోపి పనే మిగలతాది. గైడు గైడు మాదిరే ఉండాల. అందుకని గొంతు సవరించుకుని చెప్పింది.

"ఈ అవ్వ పేరు సిద్ధమ్మ. రెండేండ్ల ముందర ఈ అవ్వ కొడుకును సామి ఈడనే తొక్కి చంపేసింది. ఒక్కడే కొడుకు. అవ్వా, వీళ్లు హైదరాబాదు నుంచి వచ్చినారు."

అవ్వ! రెండుతూర్లు అనింది. తొమ్మిదేండ్లు అత్తా అని పిలిచిన నోరు అది.

సిద్ధమ్మ కొంగు తీసి నెత్తిన కప్పుకునింది. రాయి మీద అరచెయ్యి ఆనించింది. గీతాంజలి ఫోన్ పైకెత్తింది. అప్పుడు లేచింది రాగం, ముందర సన్నగా, ఆనక అడివి వినేంత గట్టిగా.

"కొడకా నా ధనశేఖరా... నీళ్లు తోడి నేను నిన్ను పెంచుకుంటినే కొడకా... పచ్చులు గూటికి చేరే మాపటేళ నిన్ను చేన్లోకి ఎవురు తోలిరి కొడకా..."

గోపి చేతులు కట్టుకుని తల దించుకున్నాడు. దోవన పోతా ఉన్న ఇద్దరు ముగ్గురు ఊరోళ్లు ఆగిపోయి తలగుడ్డలు తీసినారు. పంకజాక్షికి కూడా గుండె కదిలింది. 'అబ్బా, ఎంత బాగా తీస్తా ఉండాది' అనుకునింది. సిగ్గు లేకుండా అదే అనుకునింది.

"సంగటి వేడిగా ఉండాది తినిపో అంటినే కొడకా... నేనొద్దంటినే, నీ పెండ్లామే తోలిందే కొడకా... బాక్సులు తెమ్మని తోలిందే... నిన్ను సామి నోట్లోకి తోలి, ఇదిగో ఇది, ఇదిగో బొట్టు పెట్టుకోని నీ రాయి కాడనే నిలబడుండాదే కొడకా... నీ అమ్మను అవ్వా అంటా ఉండాదే కొడకా..."

ముసలామె వేలు సూటిగా పంకజాక్షి మొహానికేసి చూపిస్తా ఉండాది.

గీతాంజలి ఫోన్ మెల్లగా తిరిగింది, అత్త మీది నుంచి కోడలి మీదికి.

తోలింది సిద్ధమ్మ. ఆ మాపటేళ టమోటా బాక్సులు తోటలో వదిలేసి వచ్చినాడని కొడుకు మీద అరిచి, "పొద్దున్నే లోడు పోవాల, పోయి ఎత్తుకురా పో" అని రెండుతూర్లు తరిమింది సిద్ధమ్మే. పొయ్యి ముందర సంగటి కెలకతా "వొద్దత్తా, రేపు పోతాడులే" అన్నది పంకజాక్షి. ఇది ఆ ఇంట్లో వాళ్లిద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఈ రెండేండ్లు, ఇంతమంది గెస్టుల ముందర, పంకజాక్షి ఆ ఒక్క మాటను మింగేసి "ఆయనే పోయినాడు" అని చెప్పుకుంటా వచ్చింది. ముసలిదానికి ఆ మాట వినబడితే బతకదని. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అంటారు. ఈడ అత్త పగలగొట్టిన కుండనే కోడలి నెత్తిన పెట్టింది.

నోరు తెరిచింది పంకజాక్షి. ఊరోళ్లు తలెత్తి చూసినారు. శోకంలో అడ్డం పలుకుతుందా ఏమి అన్నట్టు. నోరు మూసుకునింది.

శోకం ముగిసినాక గీతాంజలి పంకజాక్షి దగ్గరికి వచ్చింది.

"ఆ భార్యవి నువ్వా?"

"మేడం, అది..."

"మూడు రోజులు మాతో నవ్వుతూ తిరిగావు. ఆవిడ ఎవరో తెలియనట్టు చెప్పావు. ఛీ!" గోపి వైపు తిరిగింది. "ఈమె మా కార్లో వద్దు."

గోపి ఏం చేస్తాడు, వాడి బతుకు వాడిది. జీపు పోయింది. ఊర్లో జీపు దిగి కారెక్కినారు, ఆ కారు కూడా పోయింది. పంకజాక్షి బ్యాగు మాత్రం కారులోంచి దించి రచ్చబండ మీద పెట్టి పోయినారు.

ఇంటికి ఇద్దరూ ముందొకరు వెనకొకరు నడిచి వచ్చినారు. సిద్ధమ్మ కాళ్లు కడుక్కుని పొయ్యి రాజేసింది. పంకజాక్షి గుమ్మంలోనే నిలబడింది.

"తోలింది ఎవురత్తా?"

సిద్ధమ్మ పుల్లలు ఎగదోసింది.

"అడగతా ఉండేది నిన్నే. ఆ పొద్దు తోలింది ఎవురు?"

"శోకంలో అన్న మాట శోకంలోనే పోతాది. ఇంట్లో అడగకూడదు" అనింది సిద్ధమ్మ, ఇటు తిరక్కుండానే. "నువ్వు నన్ను అవ్వా అంటివే, అది యాడికి పోతాది? నా కొడుకు ఎవురో పరాయోడైనట్టు చెప్తివే, అది యాడికి పోతాది మే?"

పంకజాక్షి చేతిలోని బ్యాగు గుమ్మం పక్కన దించింది.

పొద్దున్నే యోగానంద ఫోన్ చేసినాడు. పని పోయిందని చెప్పేదానికే అనుకుని ఎత్తింది. ఆయప్ప గొంతులో పండగ.

"ఆ గెస్టులు నెట్లో పెట్టిన వీడియో గోపి పంపినాడు. అబ్బబ్బ, ఏం ఉండాది! రాత్రి నుంచి జనం ఒకటే చూడటం. ముసలామె వేలు పెట్టి చూపించేది, నువ్వు పలక్కుండా నిలబడేది... ఇంగ మీరిద్దరూ ఉండాల రాయి కాడ."

"సార్, తిరపతి అంటిరే. హాస్టల్లో మంచం అంటిరే."

"నువ్వు తిరపతిలో ఉంటే ఆమె ఎవరికి చూపిస్తాది వేలు? మంచం పవిత్ర అని ఇంకొకామెకు ఇచ్చినాలే. చంద్రగిరికి ఆమె పోతాది." కొంచెం ఆగి, "ఆ ఎర్ర బొట్టు పెట్టుకోనే రావాల. అది బాగుండాది" అన్నాడు.

పెట్టుకోకుండా పోవచ్చు గదా, పోనే పోకుండా ఉండొచ్చు గదా అని మీరు అంటారు. నక్కలకుంటపల్లెకు వచ్చి చెప్పండి ఆ మాట. అప్పటికే ఊరంతా ఆ వీడియో చూసేసింది. బోరింగు కాడ ఆమె బిందె పెడితే పక్కామె బిందె జరుపుకునింది. టమోటా కోతకు పిలిచేటోళ్లు పిలవలేదు. మొగుణ్ణి తోలి చంపిందంట గదా అని, ఆమె వినేట్టుగానే అన్నారు. శోకంలో వచ్చింది అబద్ధం ఎట్లా అవుతాది వాళ్ల లెక్కన?

వారం తిరక్కుండానే విజయవాడ నుంచి లీలావతమ్మ అని ఒక రిటైరయిన టీచరు, చెల్లెల్ని జత పెట్టుకోని వచ్చింది. ఈతూరి యోగానంద కూడా జీపు వెంబడి వచ్చి పక్కన నిలబడినాడు, అంతా సరిగ్గా జరగతా ఉండాదా లేదా అని. "నువ్వు ఏం పలకద్దు. తల దించుకో, సాలు" అని ముందే చెప్పినాడు.

సిద్ధమ్మ రాగమెత్తింది. వారంలోనే గొంతు దేరింది. యాడ ఆపాల, యాడ దీర్ఘం తీయాల అని తెలిసిపోయింది. "నీ పెండ్లామే తోలిందే కొడకా" అనే కాడికి వచ్చి వేలు చాపేసరికి లీలావతమ్మ ఫోన్ ఎత్తలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, నేరుగా పంకజాక్షి దగ్గరికి వచ్చింది. ఆమె చెయ్యి పట్టుకునింది.

"అమ్మా, తల్లికి దుఃఖంలో ఏమైనా అనిపిస్తుంది. నువ్వు చెప్పు. నిజంగా నువ్వే పంపావా?"

శోకం ఆగిపోయింది.

శోకం మధ్యలో ఆగడం ఆ ఊర్లో ఎవరూ చూసి ఎరగరు. సిద్ధమ్మ చాపిన వేలు అట్లానే ఉండాది. కొంగు కింద ఆమె కళ్లు కోడలి నోటి మీదనే ఉండాయి. ఆ కళ్లలో పంకజాక్షికి భయం కనబడింది. ముసలిదానికి అంతా తెలుసు. ఒక్క ముక్క మర్చిపోలేదు.

ఇప్పుడు పలకొచ్చు. శోకం లేదు గదా, అడ్డం లేదు. ఊరోళ్లు ఉండారు, యోగానంద ఉండాడు, మంచిగా అడిగే మనిషి చెయ్యి పట్టుకోని ఉండాది. "తోలింది ఈమె" అంటే సాలు. అన్న మాపటికే ముసలిది బాయిలో తేలతాది, సందేహం లేదు. అనకపోతే తను బతికినన్నాళ్లూ ఈ రాయి కాడే. తిరపతి మంచం ఎట్లాగూ లేదు. ఈ ఊర్లో తనకు మిగిలిన మనిషి, తిట్టేదానికైనా పెట్టేదానికైనా, ఆ ముసలిదొక్కతే. పంకజాక్షికి ఏడుపు ముంచుకొచ్చింది. మొగుడి కోసం ఎండిపోయిన కళ్లు తన కోసం తడిసినాయి.

"ఔను మేడం" అనింది. "నేనే తోలినాను."

లీలావతమ్మ అయ్యో అని ఆమె చెయ్యి వదిలేసింది. యోగానంద తృప్తిగా తలూపినాడు.

సిద్ధమ్మ కొంగు సర్దుకునింది. అరచెయ్యి మళ్లా రాయి మీద ఆనించి, వదిలిన తావ నుంచి కాకుండా, కొత్తగా ఎత్తుకునింది.

"వింటివా కొడకా... దాని నోటితోనే ఒప్పుకునిందే కొడకా..."